ఫైర్‌వాల్‌కి రెండు వైపులా

మా పెళ్ళయి పన్నెండు రోజులు. మా డెన్మార్క్ ఆచారం ప్రకారం పెళ్ళిలో స్నేహితులు కొసలు కత్తిరించిన మేజోళ్ళనే మా ఆయన ఆస్గెర్ ఇంకా వేసుకుంటున్నాడు. బయటికి తొంగిచూసే ఆ బొటనవేలిని చూసి నవ్వుకుంటూనే ఆర్హుస్‌ ఆసుపత్రిలోని మా నెట్‌వర్క్ ఆఫీసుకి వచ్చాను.

శుక్రవారం పొద్దున అందరం కలిసి గసగసాల రొట్టెలు తినే బల్ల దగ్గర మా అధికారి ప్రెబెన్ చెప్పేశాడు.

"దీవిలో ఎక్స్‌రే గది ఈ మధ్యాహ్నం నుంచి మూత. ఒక్కో బొమ్మ ఇక్కడికి రావడానికి ఐదు నిమిషాలు. సముద్రం కింద కేబుల్ పాడైంది."

అంటే కాలు విరిగిన ముసలమ్మ కూడా ఇకమీదట ఓడెక్కి రావాలి.

"తప్పు కేబుల్‌ది కాదు," అన్నాను.

"కొత్తపెళ్ళికూతురికి ఇప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయిలే!" అన్నాడు ప్రెబెన్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"కనిపిస్తున్నాయి మరి! బొమ్మను ముక్కలు చేసి పంపే ప్యాకెట్లలో వందకి ఒకటి పోతోంది, నిజమే. పోయినదాన్ని వెంటనే మళ్ళీ పంపితే సరిపోయేది. దీవిలోని యంత్రం పంపకుండా ఎందుకు కూర్చుంటోందో ఎవరైనా చూశారా?"

"మధ్యలో కాపలాకి ఉన్న ఫైర్‌వాల్ నేను పెట్టింది, సీసెల్. ముట్టుకున్నావో చూడు."

"ముట్టుకోను. రెండు వైపులా నిలబడి చూస్తాను."

ఫైర్‌వాల్‌కి ఇవతలా అవతలా ప్యాకెట్ల రాకపోకలను నమోదు చేసి, దీవిలోని నర్సు టోవేకి ఫోన్ చేశాను. పరీక్షకి ఆమె తన పాత మోకాలి ఎక్స్‌రే పంపింది.

ఇక్కడి సర్వర్ ప్రతిసారీ సరిగ్గానే చెబుతోంది: ఇవి అందాయి, మధ్యలో ఇదొక్కటే రాలేదు. ఫైర్‌వాల్ భద్రత కోసం ప్యాకెట్ల వరుస సంఖ్యలు మారుస్తుంది. కాని 'ఇవి అందాయి' అనే జాబితాలోని సంఖ్యలను తిరిగి మార్చడం దానికి చేతకాలేదు. ఆ సంఖ్యలు తను పంపినవి కావు కనుక దీవిలోని యంత్రం ఆ జవాబును పారేస్తోంది. గడువు తీరేదాకా ఆగి, అప్పుడు మళ్ళీ పంపుతోంది. పోయిన ప్రతి ప్యాకెట్‌కీ ఒక సెకను వృథా.

రెండు నమోదులనూ అచ్చు తీసి ప్రెబెన్ ముందు పరిచాను. రెండింటిలోని సంఖ్యలూ సరిచూశాడు.

"మార్పులేమైనా సోమవారం సమావేశంలో మాట్లాడాకే," అన్నాడు.

"సరే. గది మూయడం కూడా సోమవారం మాట్లాడాకే. రెండు వైపులా ఒకే నియమం!"

ఎవరూ నవ్వలేదు. నేను కదల్లేదు. ప్రెబెన్ గొణుక్కుంటూ కీబోర్డు లాక్కుని, దీవి దారికి మాత్రం సంఖ్యలు మార్చడం తానే ఆపాడు. టోవే మళ్ళీ పంపిన మోకాలు ఇరవై సెకన్లలో వచ్చింది.

"టోవే, గది మూయొద్దు!" ఫోన్‌లో అరిచాను.

"ఎవరు మూశారమ్మా? మూయమన్న మీ ఉత్తరం వచ్చినరోజే చెత్తబుట్టలో వేశా. ఎక్స్‌రేకి ఇద్దరు కూర్చుని ఉన్నారు, వాళ్ళ బొమ్మలు పంపమంటావా?"