ఎరుపు మీట

ఫొటో స్టూడియో నడిపే ఒకాయనకు తన పనితనం మీద కాస్త ఎక్కువ నమ్మకమే. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, పెద్దమనుషుల బట్టతలలు ఆయన కంప్యూటరు ముందు నిలవలేవు. పోనీ ఎవరైనా అడిగారా అంటే, అదీ లేదు. అడక్కుండా చేసేదే అసలైన ఉపకారమని ఆయన లెక్క.

ఈమధ్య చెల్లెలి కుటుంబానికి ఫొటో తీశాడు. తొమ్మిదేళ్ళ మేనకోడలికి ఎడమ చెంప మీద బొటనవేలంత ఎర్రటి పుట్టుమచ్చ. ఇంత ముద్దొచ్చే పిల్లకి ఇదేం ఖర్మ అనుకుని, ఆ ఫొటోను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చాడు. ఆయన సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగుకూ ఒక్కో మీట ఉంటుంది. ఎరుపు మీటను కుడివైపుకు లాగేసరికి మచ్చ కాస్తా చెంపలో కలిసిపోయింది. ఆయన చంకలు గుద్దుకుని, పెద్ద ప్రింటు తీసి ఫ్రేము కట్టించాడు.

చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఫొటో చూడగానే ఆమె మొహం మాడిపోయింది. "అన్నయ్యా..." అని ఏదో అనబోయి, పిల్లను చూసి ఆగిపోయింది. ఆయనకది అర్థమైతేగా!

"మామయ్యా, నాన్న ఎర్రచొక్కా తెల్లగా అయిపోయిందేంటి?" అంది పిల్ల.

"అదేనే నా మంత్రం! ఈ మీట ఇటు జరిపితే ఎర్రగా ఉన్నవన్నీ తెల్లబడిపోతాయి. చూడు!" తెర మీద కలర్ ఫొటో తెరిచి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి, మీట జరిపి చూపించాడు.

పిల్ల చొక్కాను చూడలేదు. తనను చూసుకుంది. మెల్లగా చెంప తడుముకుంది.

"దీనికోసమా, అందర్నీ ఇలా చేశావు?"

ఆయన చప్పున మీటను వెనక్కి లాగేశాడు.

"ఇది బాగుండదని ఇన్నాళ్ళూ ఎవ్వరూ చెప్పలేదేం మామయ్యా?"

ఆయనకు తల కొట్టేసినట్టయింది. నిజమే, ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ ఆ మాట అనలేదు. మొట్టమొదట అన్నవాడు సొంత మేనమామ. అదీ ఫ్రేము కట్టించి మరీ.

"తప్పయిపోయింది బంగారూ. ఇది పారేద్దాం. ఇప్పుడే కలర్‌లో ఇంకోటి తీస్తా, రా" అంటూ గబగబా లైట్లు వేశాడు. సిగ్గుతో చెల్లెలి వైపు చూడలేక కెమెరా వెనక దూరాడు.

పిల్ల బుద్ధిగా స్టూలు మీద కూర్చుంది. ఎప్పుడూ కెమెరాకేసి సూటిగా చూసి పళ్ళికిలించేది, ఈసారి ఎడమ చెంప కనబడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

"ఇలా అయితే బాగుంటానా మామయ్యా?" అని అడిగింది.