జర్మన్ పేర్లకు చప్పట్లు

నల్గొండలోని ఆ ప్రైవేటు కాలేజీలో క్లాసులో తెలుగు మాట జారితే చాలు, మెమో వచ్చేది. కెమిస్ట్రీ చెప్పే భాగ్యశ్రీకి అప్పటికే రెండొచ్చాయి. రెండోది కార్బన్ డయాక్సైడును బొగ్గుపులుసు వాయువు అన్నందుకు. తను బళ్లో చదువుకున్న మాటే అది. "ఇదేమన్నా కర్రీ పాయింటా మేడమ్?" అని డైరెక్టర్ దివాకర్ స్టాఫ్‌రూములో అందరి ముందూ నవ్వాడు. ఇంకోసారి దొరికితే ఇంటికేనన్నాడు. నాయిన ఇస్రాయేలు మంచాన పడ్డాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. అందుకే పళ్లు బిగబట్టి ఊరుకుంది.

ఆ దివాకరే ఈ యేడు జర్మన్‌ను తగులుకున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి కదా మరి! అడ్మిషన్ల ముందు డెమో క్లాసు పెట్టి, పిల్లల తల్లిదండ్రులనూ కొత్తగా చేరబోయేవాళ్లనూ పిలవడం అక్కడి కాలేజీలకు అలవాటే. ఈసారి పిల్లలు మూలకాల పేర్లు ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ అప్పజెప్పాలని హుకుం. నేర్పే పని భాగ్యశ్రీ నెత్తిన పడింది. అర్థాలు అక్కర్లేదు, బట్టీ పట్టించండి చాలన్నాడు. ఆమె మాత్రం ఫోన్లో వెతికి తెలుసుకుంది. తెలిశాక నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

డెమో రోజు మనస్విని అనే పిల్ల మైకు ముందు నిలబడి గుక్కతిప్పుకోకుండా చదివింది. హైడ్రోజన్, వాసర్‌ష్టోఫ్. ఆక్సిజన్, జావర్‌ష్టోఫ్. కార్బన్, కోలెన్‌ష్టోఫ్. హాలంతా చప్పట్లే చప్పట్లు. దివాకర్‌ను కుర్చీ పట్టలేదు.

చప్పట్లు ఆగాక మనస్విని తల్లి సుక్కమ్మ లేచింది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో కూలికి పోయే మనిషి. బిడ్డ మంచిగనే చదివింది గని, గా మాటలకు అర్థమేందో జర చెప్పమంది. మనస్విని అర్థం తెలియక మేడమ్ వైపు చూసింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సుక్కమ్మ తల దించుకుని కూర్చోబోయింది.

భాగ్యశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లి మైకు అందుకుంది.

"కూసోకు అక్కా, మంచిగ అడిగినవ్. వాసర్ అంటె నీళ్లు. నీళ్లను పుట్టిస్తది గనక గా పేరు. జావర్ అంటె పులుపు. కోలె అంటె బొగ్గు. ష్టోఫ్ అంటె పదార్థం. జర్మనోళ్లు వాళ్లింట్ల మాట్లాడుకునే మాటల్తోనే పేర్లు పెట్టుకున్నరు."

దివాకర్ సైగ చేయగానే మైకు మూగబోయింది. ఆమె గొంతు పెంచింది. బొగ్గు అన్నందుకు తనకు మెమో ఇచ్చారనీ, అదే బొగ్గును జర్మన్‌లో అంటే ఇప్పుడే అందరూ చప్పట్లు కొట్టారనీ చెప్పింది.

దివాకర్ స్టేజీ ఎక్కి, రేపటి నుంచి రావక్కర్లేదని పళ్లు కొరికాడు. ఆమెకు నాయిన మందులు గుర్తొచ్చాయి. అయినా వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ మింగింది చాలనిపించింది.

"సరే సార్, రేపు రాను. గని గీ పీరియడ్ నాది," అని సుక్కమ్మ వైపు తిరిగింది. "ఇంకేమడుగుతవో అడుగు అక్కా."