సగానికి ఇచ్చిన కోడి

ఖాసీం సెలవు మీద ఊరికి వెళ్లినప్పటి నుంచి నాకు పని మీద మనసు నిలవలేదు. ఖతర్‌లో, ఉమ్ సలాల్‌లోని ఈ ఇంట్లో అతను కారు తోలుతాడు, నేను వంటా పిల్లల పనీ చూస్తాను. ఇద్దరిదీ రాయచోటి పక్కే. నా వీసా ముగియవస్తోంది. మరో రెండేళ్లు ఉంటావా, ఇంటికి పోతావా అని మేడమ్ అడిగింది. ఖాసీం తిరిగొచ్చాక చెబుతానన్నాను. అతను తెచ్చే కబురును బట్టి నా జవాబు.

నాలుగేళ్ల కింద ఇక్కడికి వచ్చేటప్పుడు మా అక్క గంగులమ్మ చేతిలో ఒక నల్ల పెట్టనూ, నా కూతురు శివకుమారినీ పెట్టి వచ్చాను. మొగుడు పోయినదాన్ని, నాకింకేముంది! పెట్టను సగానికి ఇచ్చాను. మా ఊళ్లలో ఉన్న పద్ధతే. కోడి నాది, సాకేది ఆమె, పుట్టిన పిల్లల్లో చెరి సగం. నా వాటా కోళ్ల కాలికి పచ్చ గుడ్డపీలిక కట్టమన్నాను. శివకుమారి అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల. దాని విషయంలో ఏ ఒప్పందమూ చేసుకోలేదు.

ఇక్కడ కోడి అంటే అట్టపెట్టెలో మంచుగడ్డలా వచ్చేదే. తల ఉండదు, కాళ్లుండవు, కూత అసలే ఉండదు. తెల్లారితే ఏసీ హోరు తప్ప ఇంకో చప్పుడు లేని ఇంట్లో కోడి కూత కోసం చెవులు రిక్కించే పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే. ఊరు గుర్తొస్తే నాకు ఏడుపు రాదు, కోపమొస్తుంది. గిన్నెల మీద చూపిస్తాను. మేడమ్ లోపలి నుంచి "షువై షువై" అంటుంది, మెల్లగా అని.

ఖాసీం వచ్చిన మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

"చెప్పన్నా. ఉండాయా, సచ్చినాయా?"

"సచ్చేదేంది మ్మే! వీధంతా నీ కోడి సంతానమే."

అక్క తన వాటా పెట్టల్ని పక్కింటి వాళ్లకు సగానికి ఇచ్చిందట. వాళ్లు ఇంకొకరికి. ఒక ఎండాకాలం తెగులొచ్చి చాలా చచ్చిపోతే, ఆమె రాయచోటి పశువుల ఆసుపత్రికి పోయి, ఫ్లాస్కులో ఐసు పెట్టి చుక్కల మందు తెచ్చిందట. అప్పటి నుంచి వీధిలో ప్రతి కోడిపిల్లకూ మందు చుక్క వేసేది ఆమేనట. వేరుశనగ చేలల్లో నడుము విరిగేలా కూలి చేసిన ఆడవాళ్లు ఇప్పుడు కోళ్ల గంపలతో సంతకు బస్సెక్కుతున్నారట. కూలికి రమ్మని రైతులు గడప దాకా వచ్చి బతిమాలాలట. అది విని నాకు మహా సంతోషమేసింది.

"నీ కోళ్లు యేరే గూట్లో ఉండాయి, పచ్చ పీలికల్తో. ఒక్కటి గూడా కలపలా మీ యక్క. ఆడ గిన్నెలు తోమింది చాలు, వచ్చి తన కోళ్లు తాను సాకుకోమను అనింది."

పోతానని చెప్పడానికి అప్పుడే మేడమ్ దగ్గరికి పరుగెత్తేదాన్ని. కానీ ఖాసీం నా ముఖం చూడటం లేదు.

"శివ ఎట్లుందన్నా?"

"బాగుంది. బడికి పోతాంది. కోళ్లకు గింజలేసేది అదే."

"నన్ను గురించి ఏమనింది?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "వచ్చేటప్పుడు అడిగినా, మీ అమ్మకు యేం జెప్పమంటావు పాపా అని. గంగులమ్మ కొంగు పట్టుకోని, 'మాయమ్మ ఈడే ఉంది గదా' అనింది."

లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాను. అక్క మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. కోళ్లను వేరే గూట్లో పెట్టగలదు గానీ, పక్కలో పడుకునే బిడ్డను ఎట్లా వేరు పెడుతుంది? ఆ కోళ్లన్నీ అక్కకే ఇచ్చేస్తాను, నాకు నా పిల్ల కావాలి. అది నన్ను ఒక్కసారి అమ్మా అంటే చాలు.

"యేం జేస్తావు మ్మే? ఉంటావా, పోతావా?" అన్నాడు ఖాసీం.

"పోతా."

"పాప నీ దగ్గరికి రాకపోతే?"

"రాదులే. కొత్తగా తెచ్చిన కోడి ఇంటికి మరిగేదాకా గంప కింద మూసి గింజలేస్తాం గదన్నా. ఈసారి ఆ ఇంటికి కొత్తగా వచ్చేది నేను. శివకు దయ వచ్చినప్పుడే నాకు గింజలేయనీ."

మేడమ్ హాల్లో ఉంది. చేతులు తుడుచుకుని, చెప్పడానికి వెళ్లాను.