దయారాణి ఆవకాయ

దుబాయ్ ఆస్పత్రిలో డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా సీసాలకు కాగితాలు అంటించేదాన్ని. ప్రతి కాగితం మీదా 'దయారాణి ఆవకాయ' అని ఉండేది. దయారాణి మా ఆయన కృపాకర్ మొదటి భార్య. పెళ్లయిన రెండేళ్లకే కామెర్లతో పోయింది. కాయలు కొట్టేది నేను, కారం కలిపేది నేను. దుబాయ్ కిరాణా కొట్లలో అందరూ అడిగేది మాత్రం ఆమెని. అయిదేళ్లుగా జాడీ తెరిచిన ప్రతిసారీ ఆయన వేలితో రుచి చూసి ఒకటే మాట అనేవారు: "బానే ఉంది గానీ, దయ చెయ్యి పడినట్టు లేదు." చచ్చిపోయిన మనిషితో ఎలా పోటీ పడను? ఆయన ఇంట్లో లేనప్పుడు పెట్టె తీసి, వాళ్ల పెళ్లి ఫొటోలో ఆమె చేతుల్నే చూసేదాన్ని. ఏముంది వాటిలో?

ఎనభై మూడులో, దుబాయ్‌కి రెండు గంటల దూరంలో ఉన్న అల్ ఐన్‌లో మెస్ నడిపే మాణిక్యమ్మ అదే పేరుతో దుబాయ్ కొట్లకు సీసాలు పంపుతోందని తెలిసింది. ఆవిడ దయారాణికి సొంత అక్క. అయినా ఆయన మునిసిపాలిటీలో ఫిర్యాదు పెట్టారు.

"అక్కడ నీ పేరడిగితే దయారాణి అని చెప్పు. పెళ్లాం పేరంటే కేసు మనదే. ఒక్క మాటేగా, కుమారీ," అన్నారు టాక్సీలో.

గుమాస్తా నూర్ మొహమ్మద్ ముందు మాణిక్యమ్మ కళ్లు తుడుచుకుంది.

"మా చెల్లి పేరండీ ఇది. మనిషి ఎలాగూ లేదు, పేరైనా ఉంటుందని పెట్టుకున్నాను. పచ్చడి పట్టేది నేనే. అదెక్కడ పట్టింది? కారం తగిలితేనే చేతులు బొబ్బలెక్కిపోయేవి దానికి."

నేను ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీది కేలెండర్ చూస్తున్నారు.

ఆ మాటతో నా అసూయ చల్లారాలి. చల్లారలేదు సరికదా, ఇంకా రగిలింది. నిజంగానే ఆమెది గొప్ప చెయ్యి అయ్యుంటే ఓర్చుకునేదాన్నేమో. ఏమీ చేయని ఆమెకి పేరు దక్కింది. అన్నీ చేసిన నాకు వంకలు దక్కాయి.

"ఆప్‌కా నామ్?" నూర్ మొహమ్మద్ నన్నడిగాడు.

"మరియకుమారి. దయారాణి ఈవిడ చెల్లెలే. చనిపోయింది."

అంతే, ఖలాస్. పేరు మాణిక్యమ్మదయింది.

మెట్లు దిగుతూ ఆయన పళ్లు నూరారు. "కడుపుమంటతో చేశావు కదూ?"

"అవునండీ. కడుపుమంటతోనే చేశాను."

"ఇప్పుడు కొత్తగా ఏం పేరు పెట్టి చావాలి?"

"తొందరేముంది?" అన్నాను. "నేనింక పచ్చడి పెట్టను. పెట్టేవాళ్లు దొరికాక, వాళ్ల పేరే పెట్టండి."