పన్నెండో కత్తి

మూడోసారి కూడా ఫోటోలో కత్తి నడుమ నల్లటి మరక కనిపించేసరికి ఆయన కెమెరాను పెరట్లో బల్లమీద పెట్టి, జేబులోంచి నూనెగుడ్డ తీశాడు. నలభై ఏళ్లుగా కత్తులు చేస్తున్న మనిషికి మరక కనబడితే రుద్దడం ఒక్కటే తెలుసు. రుద్దాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తే మచ్చుకు కూడా మచ్చ లేదు. మళ్లీ ఫోటో తీశాడు. మరక ఈసారి ఇంకా స్పష్టంగా వచ్చింది.

కెమెరా కూతురిది. వంట నేర్పే బడివాళ్లు పన్నెండు కత్తుల ఫోటోలు సాయంత్రంలోగా పంపమన్నారు. నచ్చితే ఇకపై వాళ్ల పిల్లలందరికీ ఈయన కత్తులే, లేకపోతే మిషను కత్తులు. చేతిలో పెడితే తెలుస్తుంది గానీ ఫోటోలో ఏం తెలుస్తుందని ఆయన గొణిగాడు. అయినా మిషను కత్తి ముందు ఓడిపోవడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. ఏ మీట నొక్కాలో రెండుసార్లు చెప్పి, సాయంత్రం వస్తానని కూతురు పనికి వెళ్లింది.

భార్య వచ్చి కెమెరా తెర చూసి, నవ్వాపుకోలేకపోయింది.

"మరక కాదండీ, మీ మొహం. అద్దంలా రుద్ది ఎదురుగా నిలబడితే ఇంకేం కనిపిస్తుంది?"

పొద్దుటినుంచీ తన మొహాన్నే తుడుస్తున్నానని తెలిసి ఆయన తల గోక్కున్నాడు. అసలే ఫోటో అంటే గిట్టని మనిషి. కూతురి పెళ్లి ఫోటోల్లో కూడా ఎవరి వెనకాలో సగం భుజమే ఉంటుంది.

తెల్ల దుప్పటి అడిగితే మంచిది ఇవ్వనని ఆవిడ చిరిగినది తెచ్చింది. ఆయన దానికి మధ్యలో కన్నం కోసి, దండేనికి వేలాడదీసి, వెనక నక్కి కన్నంలోంచి తీశాడు. ఈసారి కత్తి తెల్లగా, కోసే వైపు వాదర సన్నటి గీతలా వచ్చింది. "ఇది నేను చేసిందేనా?" అన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం చూసి ఆవిడకు చాన్నాళ్లయింది.

తర్వాత పని చకచకా సాగింది. ఒక్కోటీ తీయడం, నూనెగుడ్డతో తుడవడం, వరసలో పెట్టడం. ఉక్కుమీద వేలిముద్ర మిగిలితే తుప్పు పడుతుందని ఆయన భయం. ఇంట్లో ఎవరు కత్తి ముట్టుకున్నా గుడ్డ పట్టుకుని వెనకే తిరిగేవాడు, కొనడానికొచ్చినవాళ్లనూ వదిలేవాడు కాదు. పన్నెండోది కాస్త వంకరగా ఉంటే బొటనవేలితో జరిపి ఫోటో తీశాడు. ఎండకు కళ్లు తిరుగుతున్నాయనీ, కాసేపు నడుం వాల్చి లేచాక దాన్ని తుడుస్తాననీ చెప్పి లోపలికి వెళ్లాడు.

సాయంత్రం కూతురు వచ్చి లేపింది. ఆయన లేవలేదు. నూనెగుడ్డ పిడికిట్లోనే ఉంది.

ఆ వారమంతా కత్తుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత కూతురు ఫోటోలు పంపి, ఆలస్యం ఎందుకైందో కూడా రాసింది. ఇక చేసే మనిషి లేకపోయినా ఆ పన్నెండూ తమకే కావాలని బడివాళ్లు జవాబిచ్చారు. భార్య పదకొండే కట్టి ఇచ్చింది. పన్నెండోది తుడిచి పెడదామని కూతురు గుడ్డ అందుకుంటే చెయ్యి పట్టుకుంది.

"ఉండనీవే. అది నాన్న వేలు."

బల్లమీద పన్నెండో కత్తి అలాగే ఉంది. వాదరకు కాస్త పైన, గోధుమరంగు తుప్పులో, ఆయన బొటనవేలి గీతలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.