పిన్ను తీసిన గోరు

ముందుగా జిరాక్సక్క కుడి బొటనవేలి గోరు గురించి చెప్పుకోవాలి. చూడ్డానికి అది మామూలు గోరే. కానీ కోర్టు ఎదుటి జిరాక్సు కొట్టులో పద్దెనిమిదేళ్లపాటు రోజుకిన్ని వందల స్టాప్లర్ పిన్నులు పీకీ పీకీ గునపంలా గట్టిపడింది. కాగితాల కట్ట చేతికి రాగానే గోరు పిన్ను కిందికి దూరుతుంది. పిన్ను లేస్తుంది, కాగితాలు విడిపోతాయి, యంత్రం మూత పడుతుంది. వీటిలో దేనికీ మెదడుతో పని లేదు. మెదడు ఆ సమయానికి వరసలో నిలబడినవాళ్లతో కబుర్లు చెబుతూ ఉంటుంది.

అలాంటి కొట్టు మూతపడింది. కాగితాలన్నీ కంప్యూటర్లోనే దాఖలు చేసుకోవచ్చని కోర్టువారు ఎప్పుడన్నారో అప్పుడే వరస పల్చబడింది. ఒకనాడు తుక్కు కొనేవాడొచ్చి యంత్రాన్ని తోపుడుబండి మీద ఊరేగించుకుపోయాడు. అన్నాళ్లూ నకళ్లతో బతికిన మనిషి, నలభై నాలుగో ఏట, అసలు ఉద్యోగమంటూ ఒకటి వెతుక్కోవాల్సి వచ్చింది.

అప్పుడే కనబడింది గోడమీద ప్రకటన. ‘ఆరు నెలల్లో పారాలీగల్ అవ్వండి. ఉద్యోగానికి నూటికి నూరుశాతం సహాయం.’

“పారా అంటే కాపలాయే కదే?” అంది అత్తగారు. “ఈ వయసులో కోర్టు గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడతావా?”

“కర్ర కాదత్తయ్యా, పెన్ను. లాయరు కోర్టులో మాట్లాడతాడు చూడండి, ఆ మాట్లాడేదానికి కావలసిన కాగితాలన్నీ చదివి, వెతికి, రాసి సిద్ధం చేసి పెట్టేవాళ్లన్నమాట.”

“అంటే పని నీది, పేరు వాడిది. కాపురంలాగే ఉందిలే, అలవాటైన పనే. చేరు.”

గడియారాలు బాగుచేసే భర్త కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే నవ్వాడు. “చేరవే. మన టైము నడవకపోతే విప్పి చూసుకోవడానికి నేనున్నాగా.”

చేరింది. శిక్షణ అనే మాటలో చివరి అక్షరం తీసేస్తే మిగిలేదేమిటో మొదటి నెలలోనే తెలిసొచ్చింది. పగలు అట్టపెట్టెల గోదాములో లెక్కల చీటీలు రాయడం, సాయంత్రం క్లాసు, తెల్లవారుజామున చదువు. అయినా పట్టుదలకి పట్టా వచ్చింది, అదీ మొదటి శ్రేణిలో. భర్త దానికి అద్దం కట్టించి, గంట కొట్టని గోడగడియారం పక్కన మేకు కొట్టాడు. ఇక ఆ గోడమీద పనిచేయనివి రెండయ్యాయి.

నూరుశాతం సహాయమంటే ఏమిటో కూడా తెలిసింది. శిక్షణాలయం వారు ఒక కాగితం ఇచ్చారు. అందులో నలభై లాయరాఫీసుల ఫోను నంబర్లున్నాయి. జిరాక్సక్క ఆ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. “టోనరు అయిపోయిన యంత్రం మీద తీశారు. కిందనున్న పది నంబర్లలో మూళ్లేవో ఎనిమిదులేవో దేవుడికే తెలియాలి,” అంది.

తెలిసిన ముప్పై చోట్లకీ తిరిగింది. ఒకచోట, “మాకు లా డిగ్రీ ఉన్నవాళ్లే ఆ జీతానికి దొరుకుతున్నారమ్మా,” అన్నారు. ఇంకోచోట, “ఆ పనులకి సాఫ్ట్‌వేరు కొన్నాం,” అన్నారు. మిగతా అందరిదీ ఒకటే పాట, రెండేళ్ల అనుభవం కావాలి.

“ఉద్యోగం ఇస్తేనే కదండీ అనుభవం వచ్చేది?” అని ఒకాయన్ని అడిగేసింది.

“నిజమేనమ్మా. అది మాత్రం మా ఆఫీసులో కాకుండా చూసుకోండి,” అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

చివరికి తలుపు తీసింది ఒక లాయరమ్మ. ఆవిడ దగ్గర ఉన్న సహాయకురాలు చెప్పాపెట్టకుండా మానేసింది. “సోమవారం నుంచి శుక్రవారం దాకా చేసి చూపించండి. శుక్రవారం సాయంత్రం అవునో కాదో చెప్తాను. ముందే చెప్తున్నా, మొహమాటం నాకు రాదు,” అంది.

రెండు గదులు, ఒక వరండా, పైకప్పు దాకా ఫైళ్లు. ఆ ఫైళ్లకి రాజు గుమస్తా బాబాయి. ముప్పై ఏళ్ల సర్వీసు, ముక్కు చివరన కళ్లజోడు, చెవి మీద పెన్సిలు.

“పట్టా ఉందిటగా నీకు?” అన్నాడు మొదటిరోజునే. “మా కాలంలో పట్టాలు రైళ్లకే ఉండేవి.”

“అందుకే బాబాయ్ గారూ, మీ ఫైళ్లన్నీ అలా ఎక్కడివక్కడ ఆగిపోయాయి,” అంది జిరాక్సక్క.

బాబాయి రెండు క్షణాలు గుడ్లురిమి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. అలా సోమవారం గడిచింది. మంగళవారం మూడు ఫైళ్లలో పేజీల వరస సరిచేసింది, ఒక సాక్షి గొణిగిందంతా తేటగా రాసిపెట్టింది. లాయరమ్మ చదివి “ఊఁ” అంది. ఆవిడ ‘ఊఁ’ అంటే మెచ్చుకున్నట్టేనని బాబాయి అనువాదం చేశాడు.

బుధవారం వచ్చింది.

ఆ రోజు బూట్ల కొట్టు చెల్లెలు ఒక కవరు తెచ్చింది. ఆమె అన్నగారు ఊళ్లో బూట్లమ్మి బూట్లమ్మి, చివరి నాలుగేళ్లూ మంచాన పడ్డాడు. సేవ చేసినందుకు కొట్టు చెల్లెలికి రాసి కన్నుమూశాడు. కవర్లో ఉన్నది ఆ వీలునామా. నాలుగు పేజీలు, పై మూల ఒక పాత పిన్ను. పినతండ్రి కొడుకొకడు, వీలునామాలో చివరి పేజీ మార్చేశారని అడ్డం తిరిగాడు. వీలు చూసి నామం పెట్టేవాళ్లు ఏ వంశంలోనైనా ఒకరుంటారు కదా!

“ఇది జాగ్రత్తగా కాపీ తీసి ఉంచండి, నేను కోర్టు నుంచి మూడింటికి వస్తాను,” అని లాయరమ్మ నల్లకోటు తగిలించుకుని వెళ్లిపోయింది. బాబాయి అన్నం డబ్బా పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. చెల్లెలు ముందుగదిలో బల్ల మీద కూర్చుంది.

జిరాక్సక్క కవరులోంచి వీలునామా తీసింది. ముందుగదిలోంచి చెల్లెలు ఏదో అడిగింది. “వచ్చేస్తానమ్మా, రెండు నిమిషాలు,” అని తల తిప్పి జవాబు చెప్పింది. మళ్లీ తల ఇటు తిప్పేసరికి పిన్ను లేచి ఉంది. నాలుగు పేజీలూ యంత్రం పక్కన వేటికవి పరుచుకుని ఉన్నాయి.

చేతులు రెండూ చటుక్కున వెనక్కి తీసేసుకుంది.

అసలు వీలునామాకి పిన్ను తీయకూడదు. తీస్తే పేజీ మార్చారేమోనని కోర్టుకి అనుమానం వస్తుంది. ఇది ఆమెకి తెలియక కాదు. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న, ఐదుకి ఐదూ వచ్చాయి. మెదడు ఆరు నెలలు చదివింది. గోరు మాత్రం ఒక్క క్లాసుకీ రాలేదు.

అన్నం తిని చేతులు తుడుచుకుంటూ వచ్చిన బాబాయి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

“కొంప ముంచావు కదే అమ్మాయ్!”

“ముంచాను బాబాయ్ గారూ.”

బాబాయి తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. “ఎవరైనా చూశారా?”

“లేదు.”

“అయితే ఇటు విను. నీ చెయ్యి నాకు తెలుసు. కొట్టులో ఉన్నప్పుడు నువ్వు తిరిగి కుట్టిన కట్టలు విప్పినట్టే ఉండేవి కావు. అవే చిల్లుల్లోంచి కొత్త పిన్ను కొట్టెయ్. నేనసలు ఈ గదిలోకి రాలేదు. ఇంకా అన్నం తింటున్నాను.” ఖాళీ డబ్బా ఎత్తి చూపించాడు కూడా.

మంచిమనిషి మంచికే చెప్పాడు. జిరాక్సక్క చెయ్యి స్టాప్లరు మీదికి వెళ్లింది. నాలుగు పేజీలూ చిల్లుకి చిల్లు కలిపి పట్టుకుంది. ఆ ఊళ్లో అంత సూటిగా కలపగలిగిన చెయ్యి ఇంకోటి లేదు. నొక్కితే చాలు. శుక్రవారం ‘అవును’, సోమవారం నుంచి ఉద్యోగం, గోడమీద పట్టాకి ప్రాణం.

అప్పుడు చూసింది, కాగితం మీద పాత పిన్ను వదిలిన తుప్పు మరక, గోధుమరంగులో సన్నటి గీత. దాని మీద తళతళలాడే కొత్త పిన్ను పడితే పెళ్లికూతురి ముక్కుపుడకలా మెరుస్తుంది. అవతలి లాయరుకి అది కనబడకపోదు. కనబడ్డనాడు బోనులో నిలబడేది తను కాదు, ముందుగదిలో కూర్చున్న ఆ చెల్లెలు. “ఈ పిన్ను ఎప్పుడు మార్చావమ్మా?” అని అడిగితే, పాపం, ఆవిడ ఏం చెబుతుంది?

స్టాప్లరు పక్కన పెట్టేసింది.

“బాబాయ్ గారూ, అఫిడవిట్టు కాగితాలెక్కడున్నాయి?”

“ఎందుకూ?”

“ఐదు మార్కుల జవాబులో రెండో సగం ఉంది. పొరపాటున ఎవరైనా పిన్ను తీస్తే, ఎవరు తీశారో, ఎప్పుడు, ఎలా తీశారో ప్రమాణం చేసి రాసి దాఖలు చెయ్యాలి. దాచకపోతే తప్పు తప్పుగానే ఉంటుంది, మోసమవదు.”

“అమ్మాయ్, అది నీ చేత్తో నువ్వు రాసుకునే రాజీనామా!”

“ఉద్యోగంలో చేరితే కదా బాబాయ్ గారూ, రాజీనామా?”

బాబాయి చెవి మీది పెన్సిలు తీసి మళ్లీ అదే చెవి మీద పెట్టుకున్నాడు. తర్వాత వెళ్లి కాగితాలు తెచ్చాడు.

ఆమె గంటన్నర కూర్చుని రాసింది. ఒంటిగంటా పది నిమిషాలకి. పై ఎడమ మూల. రెండే రెండు చిల్లులు, ప్రతి పేజీలోనూ ఒకదాని మీద ఒకటి కలుస్తున్నాయి. తుప్పు మరక నాలుగు పేజీల మీదా ఉంది, కిందికి పోనుపోను పలచబడింది. తీసిన పిన్నుని విడిగా కవర్లో పెట్టి అంటించడమైనది. కాగితాలు ఈ గది దాటలేదు. ‘నేను పద్దెనిమిదేళ్లు జిరాక్సు పని చేసినందున అలవాటుకొద్దీ తీశానే తప్ప మరొక ఉద్దేశం లేదు.’ పిన్ను తీసిన తప్పుకి పెన్ను పట్టుకుని దిద్దుబాటు చేసుకుంది.

మూడింటికి లాయరమ్మ వచ్చింది. జిరాక్సక్క నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పి, కాగితాలు బల్ల మీద పెట్టింది. లాయరమ్మ మొహం కోటుకంటే నల్లబడింది.

“అసలుది చేతికిస్తూ జాగ్రత్త అన్నానా లేదా?”

“అన్నారు మేడమ్.”

“చిన్నపిల్లలకి చెప్పినట్టు పిన్ను తీయొద్దని కూడా చెప్పాలా?”

“చెప్పక్కర్లేదు మేడమ్. నాకు తెలుసు. తెలిసీ తీశాను.”

లాయరమ్మ కుర్చీలో కూలబడి అఫిడవిట్టు అందుకుంది. మొదట కోపంగా చదివింది. తర్వాత మామూలుగా. ఆ తర్వాత పెన్ను తీసి, దిద్దడానికేమీ దొరక్క, పెన్ను మూత పెట్టేసింది.

“రిమూవరుతో తీశారా, చేత్తోనా?”

“గోరుతో మేడమ్. మూడో పేరాలో ఉంది.”

“చిల్లుల సంగతి?”

“నాలుగో పేరా.”

“తుప్పు మరక చివరి పేజీ మీద కూడా ఉందన్నారు.” లాయరమ్మ నాలుగో పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. “ఉంది. మిగతా మూడింటితోపాటే ఇదీ ఏళ్లతరబడి ఆ పిన్ను కిందే ఉందన్నమాట. చివరి పేజీ మార్చారని కదూ అవతలివాడి గోల?” గొంతులో కోపం కాస్త దారి తప్పింది. “అలాగని మీరు చేసింది మంచిపనని కాదు. దీనికి కోర్టులో నేను పడాల్సిన పాట్లు నాకున్నాయి.”

“తెలుసు మేడమ్.”

“పైన వృత్తి దగ్గర ఖాళీ వదిలేశారేం?”

జిరాక్సక్క తల దించుకుంది. “జిరాక్సని రాద్దామంటే కొట్టు లేదు. ఇంకోటి రాద్దామంటే ఇవాళ బుధవారమే. ఏం రాయాలో తెలీలేదండీ.”

గుమ్మం అవతల బాబాయి ఊపిరి బిగబట్టిన చప్పుడు లోపలికి వినబడింది.

లాయరమ్మ పెన్ను మూత మళ్లీ తీసింది. “దీన్ని రాసినావిణ్ని కోర్టు పిలుస్తుంది. అవతలి లాయరు గుచ్చి గుచ్చి అడుగుతాడు. కేసు తేలేదాకా మీరు నాకు అందుబాటులో ఉండాలి. ముఖ్యమైన సాక్షిని వీధిలో వదిలేస్తే నన్నేమంటారు?” ఖాళీలో ఏదో రాసి కాగితం ఇటు తోసింది. ‘వృత్తి’ అన్నచోట ‘పారాలీగల్’ అని ఉంది, పక్కనే ఆఫీసు పేరుతో సహా.

“మూడు నెలలు పరీక్ష కాలం. జీతం మీ కోర్సువాళ్లు ఆశపెట్టినంత ఉండదు. ఈ మూడు నెలలూ అసలు కాగితం బాబాయి ఎదుట తప్ప ముట్టుకోకూడదు.”

“ముట్టుకోను మేడమ్.” నోరు అక్కడితో ఊరుకుంటే ఆమె జిరాక్సక్క ఎందుకవుతుంది? “మేడమ్, ఈ వీలునామా కేసులు ఎన్నాళ్లు నడుస్తాయండీ?”

“రెండేళ్లకి తక్కువ ఉండదు. ఏం?”

“ఏం లేదండీ. అందరూ అంతే అడుగుతున్నారు.”

లాయరమ్మ నవ్వాపుకోవడానికి ఏదో ఫైలు వెతికినట్టు నటించింది. బాబాయికి ఆ మొహమాటం లేదు. జేబులోంచి గోళ్లు తీసే కత్తెర తీసి, “ముందు ఆ గోరు కత్తిరించెయ్యమ్మా తల్లీ!” అంటూ లోపలికొచ్చేశాడు.

“ఆగండి!” అంది లాయరమ్మ. “కేసు తేలేదాకా అది సాక్ష్యం. కావాలంటే దానికో టోపీ తొడగండి.”

జిరాక్సక్క ముందుగదిలోకి వెళ్లి, బూట్ల కొట్టు చెల్లెలి పక్కన కూర్చుని, జరిగిందంతా చెప్పి క్షమాపణ అడిగింది. ఆవిడ కంగారుపడి, ఆ తర్వాత కాసేపు ఆలోచించి, “మా అన్నయ్యా అంతే. ఎవరి పాదం చూసినా చెయ్యి దానంతటదే కొలత తీసేసేది,” అంది.

అఫిడవిట్టుకి మూడు నకళ్లు కావాలన్నారు. బాబాయి వచ్చి యంత్రం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పారా కాస్తున్నారా బాబాయ్ గారూ?”

“హుషారుగా!” అన్నాడాయన.

ఆ కాగితానికి పిన్నే లేదు. అయినా గోరు మూల దాకా పోయింది, ఏమీ తగలక వెనక్కొచ్చింది. మూత వేసింది, మీట నొక్కింది. వేడివేడిగా మొదటి నకలు బయటికొచ్చింది. అలవాటు ప్రకారం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ‘వృత్తి’ పక్కనున్న ఆ ఒక్క మాట సరిగ్గా పడిందో లేదో చూసుకుంది.

నల్లగా, దిట్టంగా పడింది.