నల్ల చీటీ పాటలు

శుక్రవారం లోపు ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే మా పిచ్చుకని ఊరవతల హాస్టలు బడిలో చేర్చుకుంటారు, వారానికొకసారి చూడనిస్తారు. పెట్టకపోతే మామూలు బడివాళ్ళు ఎలాగూ రానివ్వరు. నా కూతురికి మూడేళ్ళ నాలుగు నెలలు. ఇంతవరకూ ఒక్క మాట రాలేదు. కడుపులో ఉన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదని పిచ్చుక అని పిలుచుకున్నాను. ఆ పిలుపుకి అది ఎప్పుడూ తిరిగి చూడలేదు.

క్లినిక్కులో పెద్ద డాక్టరు దాని వెనక నిలబడి బల్ల మీద దబ్బుమని చరిచాడు. అది ఉలిక్కిపడి తిరిగింది.

"చెవులు బాగానే ఉన్నాయమ్మా. లోపం బుర్రలో ఉంది" అని కాగితం నా ముందుకి తోశాడు.

మాటలు నేర్పే మేడమ్ నన్ను వరండాలోకి పిలిచింది. "మూడు వారాలు గడువు అడిగాను. రకరకాలవి చూపించు, వినిపించు. దేనికి కదులుతుందో రాసుకుని రా. ఒక్కటి దొరికినా చాలు, ఆయనతో నేను మాట్లాడతాను."

ఆ ఒక్కదాని కోసం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

మా వీధి మలుపులో ఉన్న లైబ్రరీలో పుస్తకాలే కాదు, సినిమాలు, పాటల డిస్కులు, టీవీకి తగిలించే ఆటలు కూడా ఇస్తారు. అక్కడ కూర్చునే ఆవిడని అందరూ చీటీలక్క అంటారు. ప్రతిదాని వీపునా ఒక రంగు చీటీ అంటిస్తుంది. పసుపంటే ప్రేమలు, కన్నీళ్ళు, జోలపాటలు. ఎరుపంటే కొట్లాటలు. నలుపు ఎవరూ ముట్టనివాటికి. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి నేను పసుపు అర దాటి పక్కకి వెళ్ళలేదు. పిల్లకోసం కూడా అక్కడే వెతికాను. రెండు వారాలు గడిచాక నా నోటుపుస్తకంలో ఉన్నది ఇంతే. జోలపాటలు, వినలేదు. తల్లీబిడ్డల సినిమా, నేను ఏడ్చాను, అది గోడ మీద చీమల్ని చూసింది. ఇంకో జోలపాటలు, వినలేదు.

మూడో వారం డిస్కులు బల్ల మీద పెట్టగానే చీటీలక్క వెనక్కి నెట్టేసింది.

"మళ్ళీ పసుపేనా? కుదరదు."

"పిల్ల కోసం అక్కా."

"పిల్ల కోసమా, నీ కోసమా? ఆ అర ఒక్కటే అరగదీస్తున్నావు. వరసగా ఆరు ఒకే రంగు తీసుకుంటే ఏడోసారి రంగు మార్చాలి. ఈ నెల నుంచి అందరికీ ఇదే రూలు."

"ఎరుపులో అన్నీ గుద్దులాటలే కదా. నాకు గుండెదడ."

"నిన్నెవరు గుద్దుతారమ్మా, తీసుకెళ్ళు" అంటూ తనే నాలుగు ఏరి సంచిలో పడేసింది. దయ్యాల సినిమా, కార్ల పందెం ఆట, నత్తల మీద బొమ్మల పుస్తకం, నల్ల చీటీ ఉన్న పాటల డిస్కు ఒకటి. దాని అట్ట మీద మనిషంత డోళ్ళు.

ఇంటికొచ్చి సంచి దించగానే అత్తయ్య చూసింది. "పిల్లకి మాటలు రప్పించమంటే దయ్యాల్ని రప్పిస్తున్నావా?"

దయ్యాల సినిమాకి నేనే కళ్ళు మూసుకున్నాను. నత్తల పుస్తకం అది అటూ ఇటూ తిప్పి వదిలేసింది. పందెం ఆటలో మాత్రం కారు ధడాలున గోడకి గుద్దుకున్నప్పుడల్లా నవ్వింది. "గుద్దితే నవ్వింది" అని రాశాను. తర్వాత భయమేసి కొట్టేశాను. డాక్టరు చూస్తే ఇంకో రోగం పేరు పెడతాడు.

"సంతకం పెట్టేద్దాం" అన్నాడు మా ఆయన ఆ సాయంత్రం. ప్రెస్సులో అచ్చుయంత్రం దగ్గర పని, ఆ మోతలో అరిచి అరిచి ఆయన గొంతు బానలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ గొంతు వినగానే పిచ్చుక నా ఒళ్ళోంచి దిగి ఆయన దగ్గరికి పరిగెత్తింది.

"చూడు, తల్లి మాటంటే లెక్కే లేదు" అంది అత్తయ్య. ఆ మాట నాకు కొత్త కాదు. కాల్చడం మాత్రం ఎప్పుడూ కొత్తగానే కాలుస్తుంది.

గురువారం మధ్యాహ్నానికి నల్ల చీటీ డిస్కు ఒక్కటే మిగిలింది. చొక్కా కాలర్లు కుట్టే మిషను బల్ల మీదే పాటల పెట్టె పెట్టి నొక్కాను. డోళ్ళు మొదలయ్యాయి. నాకు తలనొప్పి మొదలైంది. పిచ్చుక వచ్చి పెట్టెకి చెంప ఆనించి నిలబడింది.

కాసేపటికి డోళ్ళు ఆగి, పిల్లనగ్రోవి ఒక్కటే సన్నగా అందుకుంది. పిచ్చుక తల ఎత్తింది. పెట్టెని అరచేత్తో ఒక్కటి చరిచింది. వెనక్కి వెళ్ళి వైరు చూసింది. కరెంటు పోయి నా మిషను ఆగినప్పుడు నావైపు ఎలా చూస్తుందో అలా చూసింది.

పాట ఆగలేదు. మోగుతూనే ఉంది.

మళ్ళీ డోళ్ళు. మళ్ళీ చెంప. మళ్ళీ పిల్లనగ్రోవి, మళ్ళీ దెబ్బ. ఆ ముక్కే వెనక్కి తిప్పి మోత పూర్తిగా పెంచాను. "చెవులు చిల్లులు పడుతున్నాయి, ఆపు" అని వంటింట్లోంచి అత్తయ్య అరిచింది. పిచ్చుక ఆగిపోయిన పెట్టె ముందు నిలబడినట్టు ఓపిగ్గా నిలబడి ఉంది.

నా చేతిలో కాలరు జారిపోయింది. వాళ్ళ నాన్న గొంతు. గోడకి గుద్దుకున్న కారు. డాక్టరు చరిచిన బల్ల. నేను కుడుతుంటే మిషను బల్ల మీద తల పెట్టి నిద్రపోవడం. అన్నీ లావుపాటి చప్పుళ్ళే. నాది సన్న గొంతు. బడిలో ప్రార్థన నాచేతే పాడించేవాళ్ళు. ఆ గొంతుతోనే మూడేళ్ళ నాలుగు నెలలు దానికి జోలలు పాడాను, బతిమాలాను, తిట్టాను, పేరు పెట్టి పిలిచాను. దాని లెక్కన నేను ఊరికే పెదాలు కదిపే మనిషిని.

నేల మీద కూలబడి ఏడ్చాను. అది కూడా దానికి వినపడి ఉండదు.

శుక్రవారం పాటల పెట్టె చంకన పెట్టుకుని క్లినిక్కుకి వెళ్ళాను.

"కాగితం తెచ్చారా?" అన్నాడు డాక్టరు.

"తెచ్చాను సార్. ముందు ఇది చూడండి."

"పాటలు వినే టైము లేదమ్మా."

"రెండు నిమిషాలు" అంది మేడమ్ తలుపు వేస్తూ.

డోళ్ళు, చెంప. పిల్లనగ్రోవి, దెబ్బ. రెండోసారి ఆయన కుర్చీలోంచి లేచాడు. పిచ్చుక వెనక్కి వెళ్ళి గాజుగ్లాసుని చెంచాతో టింగుమని కొట్టాడు. అది తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. తిరగలేదు. మేడమ్ తల దించుకుంది.

ఆయన కాగితం కోసం చెయ్యి చాపితే ఇవ్వలేక గట్టిగా పట్టుకున్నాను. మెల్లిగా లాక్కుని, తిరగేసి, చెవుల ఆసుపత్రి చిరునామా వెనక వైపు రాశాడు.

"చెవికి మిషను పెడితే వినపడుతుందా సార్?"

"పరీక్షలయ్యాక చెప్తారు. కొన్ని చప్పుళ్ళు ఎప్పటికీ వినపడకపోవచ్చు. మాటలు ఇప్పటికే ఆలస్యమయ్యాయి."

ఎవరివల్ల అని నేను అడగలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

వరండా నిండా జనం. పిచ్చుక నా చెయ్యి విడిపించుకుని మెట్లవైపు నడిచింది. పొట్టలోంచి గాలి తీసి, వాళ్ళ నాన్నలా గొంతు లావు చేసి, "పిచ్చుకా" అన్నాను. బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు.

అది ఆగింది. తిరిగింది. నన్ను దాటి నా వెనక ఎవరున్నారా అని చూసింది. వాళ్ళ నాన్న కోసం.

ఇంకోసారి పిలిచాను. ఈసారి నా నోటివైపు చూసింది.